గంటా అయిదు నిమిషాలు

మా గుంటడు ఫోన్నడిగి సెప్పినాడు:
కౌలాలంపూరుకీ సింగపూరుకీ మద్దిన
మూడొందల కిలోమీటర్లు నేదట.
ఇమానం గంటా అయిదు నిమిషాల్లో దిగిపోతాదట.

ఇంతేనేటిరా, అన్నాను.
పలాసలో ఇశాపట్నం పాసింజరెక్కితే
అయిదు గంటలు, ఒక్కోపాలి ఆరు,
పొందూరు కాడ ఆపీసి గూడ్సుబండికి దారిస్తే
అదీ సెప్పలేం.
గంటా అయిదు నిమిషాలంటే
నాను కేజీ పప్పుకి పొట్టు తీసీసి
సెంగుతో మొకం తుడుసుకునే పొద్దు.

అంత దగ్గిర్లో ఉన్నారు బావా బామ్మర్దీ.
మా ఆయన లోకనాథం సింగపూరు వోడల కాడ వెల్డింగు,
మా తమ్ముడు నీలాద్రి మలేసియాలో సారవ కట్టే పని.
మూడేళ్లు.
ఒకడి మొకం ఒకడు సూడనేదు.

సెలవు నేదని మా ఆయన.
పాసుపోర్టు కంపినీ బీరువాలో ఉందని మా తమ్ముడు.
ఇద్దరూ నిజమే సెప్పినారు.
సెప్పనిది నాకు తెలుసు.
ఏజెంటుకి కట్టిన లచ్చన్నరలో
నలబై ఏలు ఎవులివన్న పేచీ
మా పెరట్లో, నా ఎదురుగానే అయింది.
ఆ నలబై ఏలూ ఎన్ని కిలోమీటర్లో
ఫోను సెప్పదు.

బట్టీలో గుండు ఏరు, బద్ద ఏరు.
ఇరగని పప్పుకి ఓ రేటు,
రెండయిందంటే సేటు కోత కోసీస్తాడు.
మద్దిన సన్నటి గీతే.
గోరు తగిల్తే సాలు.

మొన్న ఆసాడంలో
ఇనప గొట్టాల మద్దిన తమ్ముడి ఏలు నలిగింది.
కంపినీ టిక్కెట్టు తీసి పంపీసింది:
కౌలాలంపూరు, సింగపూరు, ఇశాపట్నం.
సింగపూరులో నాలుగ్గంటల నిలుపు.

రేతిరి డూటీ ఒగ్గీసి మా ఆయన ఎల్లినాడు.
జీడినూనె తిన్న సేతులెలగుంటాయో తెలిసినోడు,
నాకు పూత మందు నాలుగు డబ్బాలు,
గుంటడికి బూట్లు,
సంచీ సంకన పెట్టుకుని నిలబడినాడు.

కాశీబుగ్గలో ఫోను సెవికి ఆనించుకుని
నాను ఇద్దర్నీ ఒక్కపాలే ఇంటన్నాను.

"బావా, దిగినాను."
"ఎక్కడున్నావు?"
"లోపల. ఇక్కడ సేపల తొట్టుంది."
"నాను బయట. అద్దం కాడ."
"బయటికి రానివ్వరంట బావా."
"నన్నూ లోనకి రానివ్వరంట."

ఇంక మూడొందల కిలోమీటర్లు కాదు.
మా వీది మొదట్నించి కిరసనాయిలు డిపో అంత.
ఓ గోడ, ఓ జవాను, ఓ కాయితం.
సాలాసేపు ఎవులూ మాటాడనేదు.
ఫోనూ పెట్టీనేదు.
ఊపిరి ఇనిపించింది, ఎవులిదో తెలీనేదు.

ఆకర్న మా ఆయన అడిగినాడు:
"ఏలు సంగతేటిరా?"

"ఇచ్చీస్తాను బావా. కోతలయ్యాక ఇచ్చీస్తాను."

"డబ్బులేలు కాదొరే.
సేతి ఏలు."

అప్పుడేడ్సినాడు మా తమ్ముడు.
సేపల తొట్టి కాడ ఎవులు సూసినారో, ఏటనుకున్నారో.
మా ఆయన మటుకు
"నీ ఇమానం పిలస్తన్నారు, బేగెల్లు" అన్నాడు.
ఇంకా గంటన్నర ఉంది. నాను లెక్కెట్టినాను.

తెల్లారి తమ్ముడు కాలీ సేతుల్తో దిగినాడు,
ఒక సెయ్యికి కట్టుతో.
సంచీ తిరిగి గదికి పోయింది.
మందు డబ్బాలు నిలవుంటాయంట, రెండేళ్లయినా పరవానేదంట.
బూట్లు ఎవులికైనా ఇచ్చీ, అన్నాను.
గుంటడి కాలు ఆగదు కదా.