చలిపెట్టెకు చలిమంట

తోరా హాగెన్ గరాజులో
మూత పైకి తెరుచుకునే పాత డీప్ ఫ్రీజరు.
నిరుటిదాకా దాని కడుపునిండా జింకమాంసం,
కాగితంలో చుట్టి, తారీఖు వేసి, రాళ్ళలా.
దానికి వచ్చిన విద్య ఒక్కటే
గడ్డకట్టించడం.

డులూత్ రేవులో ముప్పై ఏళ్ళు
ఇనప ఖనిజం ఎత్తే క్రేన్లకు
కరెంటు పని చేసిన మనిషి.
"దీనికి ఆగడం నేర్పాలి" అంది.
ప్లగ్గు పీకి, పక్కరేకు విప్పి,
మరలు దొర్లిపోకుండా కాఫీడబ్బా మూతలో వేసింది.

లోపల, సన్నటి రాగితోకతో
అరచేతిలో పట్టేంత థర్మోస్టాటు.
ముందు దాన్నే బతిమాలింది,
పావుచుట్టు, ఇంకో పావుచుట్టు.
ససేమిరా.
పుట్టుకతో వచ్చిన బుద్ధి!
తోక పట్టి బయటికి లాగి
దాని చోట ఎర్రంకెల కొత్త డబ్బీ బిగించింది.

ముప్పై ఎనిమిది, ఫారెన్‌హీట్‌లో.
అదీ ఆవిడ గీసిన గీత.
అయిదు పైకి పోతే గ్లాసునిండా నురగే,
పది కిందికి పోతే పీపాలో బండరాయి.

మొదటిరోజు సెన్సరును ఊరికే వేలాడదీసింది.
మూత ఎత్తినప్పుడల్లా
కంప్రెసరు ఉలిక్కిపడి లేచేది.
"గాలిమాటలు నమ్మితే ఇంతే" అని
దాన్ని పీపా పొట్టకు టేపుతో అంటించి
పైన స్పాంజిముక్క కప్పింది,
జ్వరం చూసే చెయ్యిలా.
ఒకసారి ఆగితే అయిదు నిమిషాలదాకా
మళ్ళీ లేవకూడదని ఇంకో కట్టడి.
"పడుకున్నదాన్ని పదేపదే లేపితే
గుండె ఆగుతుంది. దానికైనా, నాకైనా."

నేనా?
పక్కింటి లాహ్తిని.
స్క్రూడ్రైవరు తిరిగిచ్చే నెపంతో
అది మూడోసారి రావడం.
కోటు జేబులో గాజుగ్లాసు.
చల్లకొచ్చి ముంత దాచడమంటే ఇదే.
ఆవిడ జేబువైపు చూడనట్టే చూసి
"ఇంకా వారం" అంది.

వారం గడిచేలోగా ఫిబ్రవరి వచ్చింది.
సుపీరియర్ సరస్సు మీదినుంచి
తలుపులు పట్టి ఊపే గాలి.
బయట సున్నాకు ఇరవై రెండు కింద.
కుళాయి తిప్పితే చుక్క లేదు,
ఒక దగ్గులాంటి చప్పుడు తప్ప.
ఎర్రంకె ఇరవై తొమ్మిది.
కంప్రెసరు నాలుగు రోజులుగా నోరు మెదపలేదు పాపం,
దాని తప్పేం లేదు.
గరాజే దాన్ని మించిన ఫ్రీజరైంది.

తోరా వాళ్ళమ్మ భాషలో ఏదో తిట్టింది,
చలినో నన్నో తెలీదు.
ఖాళీ రంగుడబ్బాకు చిల్లులు పొడిచి
లోపల అరవై వాట్ల బల్బు పెట్టింది.
కొత్త డబ్బీ వెనక ఇన్నాళ్ళూ ఖాళీగా ఉన్న
'వేడి' అన్న కొక్కేనికి వైరు తగిలించింది.

మూత సందులోంచి సన్నగా పసుపు వెలుగు.
చలిపెట్టెకు చలిమంట!
బోర్లించిన బకెట్ల మీద ఇద్దరం
దాని చుట్టూ చేరి కూచున్నాం,
చేతులు చాచబోయి, సిగ్గుపడి, మానేశాం.

ముప్పై. చాలాసేపు ముప్పయ్యే.
మర్నాడు భోజనాలవేళకి ముప్పై మూడు.
సాయంత్రానికి ముప్పై ఆరు.
కుళాయి గొంతు సవరించుకుంది.

అప్పుడంది తోరా, నావైపు తిరక్కుండానే,
"ఆ గ్లాసు జేబులోంచి తీసి
కిటికీ బయట పెట్టు, లాహ్తీ.
నిన్నట్నించీ పొదుగుతున్నావు దాన్ని.
వెచ్చటి గ్లాసులో పోస్తే
అంతా నురగే."