మంగళారం పెట్టె

మంగళారం నా దుకానం బందు.
షట్టర్ మీద ఎండ వడి లేస్తది,
ఓదేలు ఇంట్ల పండుకున్నడనుకుంటరు.
అసలు పని గప్పుడే.
రేకు పెట్టెల కత్తి, పటిక, బుర్రుసు,
ఉతికిన తువ్వాలలు నాలుగు.
సైకిల్ క్యారేజీకి రబ్బరు బిగించి
కొత్తవాడ గల్లీలల్ల తిరుగుత.

మొదట్ల అడిగిన్రు:
"మంగళారం నాడు గడ్డమా, ఇంటికి మంచిదేనా?"
మంచంల ఉన్నోనికి
మంగళారమేంది, బేస్తారమేంది అన్న.
గోడ మీది గడియారం తప్ప
పొద్దంత ఎవలు మాట్లాడని ఇండ్లల్ల
నన్ను చూస్తెనే ఎరుక
ఇయ్యాల ఏ దినమో.

మిల్లుల చేసిన మొగిలికి చెవులు ఏనాడో పోయినయ్.
కత్తి సప్పుడు మాత్రం
దవడ ఎముకల నుంచి ఇనవడ్తదట.
మెల్లగ గియ్యి, ఇంకింతసేపు ఇంట, అంటడు.

ముసలి తోలు మీద కత్తి నడవాల్నంటే
ఎడమ చేత్తోని గుంజి పట్టాలె.
పట్టినప్పుడు తెలుస్తది
పోయిన వారం కన్న ఎముక ఎంత దగ్గరికొచ్చిందో,
నీళ్లు తాగుతున్నడో లేదో,
చెవుల ఎనుక ఎవరన్న తుడుస్తున్నరో లేదో.
నేను ఎవల్ని ఏమన.
వేడి నీళ్లల్ల తువ్వాల ముంచి నేనే తుడుస్త.

మార్కండయ్య
జంపఖానాలు నేసినోడు యాభై ఏండ్లు.
పేరుకు పదహారేండ్ల పిలగాడు,
ఆధార్ కార్డుల ఎనభై ఒకటి.
కుడి దిక్కు అయిపోయింది.
"బుగ్గ ఉబ్బియ్యి మామా" అన్న.
కుడి బుగ్గ లేచింది.
ఎడమ దిక్కు నుంచి గాలి
పంక్చరైన ట్యూబు లెక్క సుయ్యిమని పోయింది.
మల్ల ఉబ్బియ్యి. మల్ల పోయింది.
నవ్వబోయిండు.
సగం మూతే నవ్వింది.

కత్తి మడిచిన.
నురుగు సగం, గడ్డం సగం అట్లనే
కోడలు సుగుణను కేకేసి, ఆటో ఆపి, ఎంజీఎంకు.
తల నా ఒళ్లె.
ప్రతి చౌరస్తకు గడియారం చూసుకున్న.
డాక్టరమ్మ మొదలు అడిగింది గదే:
ఎన్ని గంటలకు షురువైంది?
తొమ్మిదింబావు.
నురుగు పెట్టేటప్పుడు మంచిగనే ఉండె.
కాయితం మీద రాసుకున్నది.
నా మాట ఒకలు రాసుకునుడు
నా బతుకుల అదే మొదలు.

ఐదు మంగళారాలు పోయినయ్.
ఆరోసారి పోతే మంచం కిటికి దిక్కు తిరిగి ఉన్నది.
ఎడమ చెయ్యి
ఎవలో మరిచిపోయిన సంచి లెక్క తొడ మీద ఉన్నది.
ఫిజియో పిల్ల గోడకు కాయితం అంటించిందట:
బుగ్గలు ఉబ్బించుడు. పొద్దుగాల పది, మాపు పది.
గిదేం కొత్త ఇద్దె అన్న సుగుణతోని,
నలభై ఏండ్ల నుంచి ఊరందరితోని చేపిస్తున్న.

నురుగు గిలుకొడ్తుంటే
ఆయన కుడి చెయ్యి తువ్వాల అంచుకు పోయింది.
పోగులు తడిమింది.
ఒక కాడ ఆగింది,
నేత తప్పు దొరికినట్టున్నది.

ఉబ్బియ్యి మామా. పోయింది.
ఇంకోపారి. పోయింది.
సుగుణ పొయ్యి మీద పాలు పొంగితె ఉరికింది.
ఏడోపారికి నిలిచింది,
కత్తి ఒక్క గీత గీసేంత సేపు.
గీసిన.

పటిక రాసి పెట్టె సదురుతుంటే
నాలుక మడత వడుకుంట అన్నడు:
"ఆ దినం... సగమే గీసినవ్.
సగం పైసలే... ఇస్త."
సుగుణ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది.
నవ్విందో ఏడ్చిందో నేను చూడలె,
పెట్టెకు గొళ్లెం పడ్తలేదు.

బుధారం పొద్దుగాల దుకానం తెరిచి
గిరాకి రాకముందు
అద్దంల చూసుకుంట రెండు బుగ్గలు ఉబ్బిస్త.
నాకు అరవై మూడు.
ఎదురుంగ చాయ్ హోటల్ పిలగాడు నవ్వుతడు.
నవ్వనియ్యి.