ఎర్ర బిళ్ళ

నాలుగు చలికాలాలు పట్టింది.
కువోపియో ఊరి చివర, పడవలు దాచే షెడ్డులో
కిరోసిన్ హీటరు పక్కన మోకాళ్ళ మీద కూచుని
పైపులు వంచాను, అతికాను,
కోసి పారేసి మళ్ళీ అతికాను.

సరస్సు మీద మంచు విరిగిన వారానికి
తనిఖీ కేంద్రం గుమ్మంలో బండి నిలబెట్టాను.
మిర్యా టేపు తీసింది.
ముందు ఫోర్కు పొడవు కొలిచింది. మళ్ళీ కొలిచింది.
చిన్న సుత్తితో నా అతుకుల్ని తట్టింది
కుండలు బేరమాడే మనిషిలా చెవి ఒగ్గి.
బ్రేకు రోలర్ల మీద బండి గింజుకుంది, ఆగింది.
సైలెన్సరులో నేను కుక్కిన ఉక్కుపీచు
ఆ పూటకి నోరు మూసుకుని కూచుంది.

"వెనక ఎర్ర బిళ్ళేది?" అంది.

వెలుగు పడితే మెరిసేది,
అరచేతిలో సగం కూడా లేనిది, నాలుగు యూరోలది.
నిద్రలో కూడా నట్లు లెక్కపెట్టినవాణ్ణి నేను!

వరసలో నా వెనక వ్యాను ముసలాయన ఓయివా
కోటుకి వేలాడే రిఫ్లెక్టరు ఊడదీసి చేతిలో పెట్టాడు,
చీకటి నెలల్లో మేమంతా తగిలించుకు తిరిగేది.
మిర్యా తల అడ్డంగా ఊపింది:
"అది మనుషులకి."

బస్సెక్కి కొట్టుకి పోయి వచ్చేసరికి
తాళాలు ఆడిస్తూ నిలబడే ఉంది.
బిళ్ళ బిగించాను.
ముద్ర పడింది. లోపాలు: లేవు.

ఊరు దాటాక రోడ్డు వార ఆగి
ఉక్కుపీచు లాగి పారేశాను.
అప్పుడు చూసుకున్నాను,
ఓయివాకి తిరిగివ్వడం మరిచిన బిళ్ళ
నా జేబుకి ఊగుతూ.