మీటరు బాగయ్యేలోగా

రొయ్యల చెరువులో ఉప్పు కొలిచే మీటరు
మొన్నట్నించీ అన్ని చెరువులకీ ఒకటే అంకె చూపిస్తోంది.
కాకినాడ తెచ్చాను.
"ఆరింటికి రండి" అన్నాడు మెకానిక్ కుర్రాడు
తల ఎత్తకుండానే.
అప్పటికి మూడున్నర.

రెండున్నర గంటలు చేతిలో పడితే
ఏం చేసుకోవాలో తెలీని వృత్తి నాది.
ఏరియేటర్లు ఆగిపోతాయేమోనని
నిద్రలోనూ ఒక చెవి మేలుకునుంటుంది.
మెయిన్ రోడ్డంతా ఎండ,
బంగారం కొట్ల అద్దాల్లో నా మాసిన చొక్కా.
నీడ కోసం సందులోకి తిరిగాను.
అంతే, వేరే ఉద్దేశమేమీ లేదు.

వాచీల కొట్టు మెట్ల కింద
మెట్లు ఎంత వంగితే అంత వంగిన కొట్టు.
బోర్డు లేదు.
గుమ్మంలో పాత వారపత్రికల కట్ట,
కట్ట మీద పిల్లి.
లోపల నూకరత్నం గారు
కళ్ళజోడు నుదుటి మీదికి తోసి
వీపు ఊడిన పుస్తకానికి దారంతో కుట్టు వేస్తున్నారు.
వల అల్లే చేతివాటం అది, చూడగానే పోల్చాను.
"ఏం కావాలి బాబూ?"
ఏం కావాలో తెలిస్తే ఇక్కడికెందుకొస్తాను!
"చూస్తానండి" అన్నాను.
"చూడ్డానికేగా పెట్టింది" అని
పాలక్రేటు బోర్లించి నా ముందుకు జరిపారు.

చూశాను.
రైల్వే పరీక్షలు, హోమియో వైద్యం,
ఎవరి పెళ్ళి శుభలేఖో గుర్తుగా మిగిలిపోయిన జ్యోతిషం,
మొదటి భాగం లేని రెండో భాగాలు,
రెండో భాగం రాని మొదటి భాగాలు,
ఒకే అరలో వీపులానించుకుని.
ఒక నవల అంచున ఎవరో పెన్సిలుతో
'అబద్ధం' అని రాశారు.
నాలుగు పేజీల తర్వాత, అదే చేత్తో,
'కాదు, నిజమే.'
మధ్యలో ఏం జరిగిందోనని నాలుగూ చదివాను.
నాకేం తేలలేదు.

"నా దగ్గర లేనివి లోవరాజు దగ్గరుంటాయి" అన్నారావిడ
నేనేదీ అడక్కపోయినా.
ఈ కొట్లకి అదో గుణం,
ఒకటి దొరికితే రెండోదాని అడ్రసు అదే చెబుతుంది.

జగన్నాథపురం వంతెన దాటాక,
ఐసు ఫ్యాక్టరీ పక్కన,
ఆ కొట్టు పూర్వం ఉప్పు గోదాం.
గోడలింకా చెమటోడుస్తాయి.
కింది రెండు అరలూ ఖాళీ.
"తుఫానుకి వదిలేశానండి. దాని వాటా దానిది, ఆయ్!"
మూడో అర నుంచే కథలూ కవిత్వం.
గట్టు మీద నడుస్తూ నీటి రంగు చూసినట్టు
పుస్తకాల వీపులు వేలితో తడుముతూ పోయాను.
ఒకచోట వేలు ఆగింది.

అట్ట లేదు. పేరు లేదు.
పదమూడో పేజీతో మొదలు.
వానలో పడవ దిగుతూ ఒకావిడ
రేవులో ఎవర్నో తిడుతోంది.
ఎవర్నో, ఎందుకో, పన్నెండో పేజీకే తెలియాలి.
చివర గ్రంథాలయం చీటీ.
ముద్రలో ఊరి పేరు చెరిగి
'లంక' ఒక్కటే మిగిలింది.
తీసుకున్నవారు: గెద్దాడ సూర్యావతి.
గడువు: 16-8-86.

ఎనభయ్యారు వరద సంగతి
మా వైపు ఎవరికీ చెప్పక్కర్లేదు.
ఆ రోజు పుస్తకం తిరిగివ్వడానికి
సూర్యావతి గారు ఎక్కడికి వెళ్తారు?
గ్రంథాలయమే నీళ్ళలో ఉంటే?
నీటి చార చూశాను.
కింది అంచున అంగుళం, అంతే.
నీటి లెక్కలు నాకు తెలుసు.
ఇది మునిగిన పుస్తకం కాదు,
ఎవరో ఎత్తి పట్టుకున్న పుస్తకం.

ఆలస్యమైతే రోజుకి ఐదు పైసలని చీటీ కింద అచ్చు.
లెక్కేస్తే ఏడొందల పైచిలుకు.
లోవరాజు గారు నలభై అన్నారు.
యాభై ఇస్తే, చిల్లర లేదని
పోయినేడాది పంచాంగం చేతిలో పెట్టారు.

అమలాపురం బస్సు. కిటికీ పక్క సీటు.
పదమూడో పేజీ ఆవిడ కోపం
ఇరవయ్యో పేజీకి కాస్త తగ్గుముఖం పట్టింది.
ఎదుర్లంక వంతెన మీద గాలికి పేజీ తిరగబడి
తలెత్తితే
కింద గౌతమి మీద చీకటి పడుతోంది.
అప్పుడు గుర్తొచ్చింది మీటరు.

ఫోన్ చేస్తే కుర్రాడు షట్టరు దించుతున్నాడు.
"రేపు మళ్ళీ రావాలండి మరి" అన్నాడు జాలిగా.
"రావాలి మరి" అన్నాను
వీలైనంత దిగులుగా.