ఖాళీ ఇళ్ళ పద్దు

హల్ నగర కౌన్సిల్లో నా ఉద్యోగానికి
పెద్ద పేరే ఉంది గానీ
పని మాత్రం ఒకటే:
ఎవరో వదిలిపోయిన తలుపు తెరవడం,
ఇంకెవరో వచ్చేలోగా దాన్ని మూయడం.

ఇల్లు కట్టి చూడు అన్నారు పెద్దలు,
పెళ్ళి చేసి చూడు అన్నారు.
ఖాళీ చేసి చూడమని ఎవరూ అనలేదు.
అందుకే కాబోలు
దానికి జీతమిచ్చి నన్ను పెట్టుకున్నారు.

గడువు ఇరవై ఒక్క రోజులు.
మొదటి రోజు తాళం మార్చాలి.
తర్వాత గ్యాసు, కరెంటు, గోడల్లో చెమ్మ.
చెవి ఆనించినట్టు గోడకి మీటరు ఆనిస్తే
ఎర్రగా కూస్తుంది.
చివర్న సున్నం లాంటి తెల్లరంగు.
అన్ని ఇళ్ళకీ ఒకటే తెలుపు,
డబ్బా మీద మాత్రం దానికో పువ్వు పేరు.

మార్చిలో, హంబర్ మీంచి మంచు పాకుతున్న పొద్దున
పద్నాలుగో నంబరు ఇంటికి వెళ్ళాను.
మిసెస్ ఆబ్లెట్. నలభై ఒక్క ఏళ్ళు. అద్దె బాకీ లేదు.
ఫైల్లో అంతే ఉంది.
ఇంట్లో ఇంకొంచెం ఉంది.
సింకు కింద సైజుల వారీగా మడతపెట్టిన ప్లాస్టిక్ సంచులు,
బాయిలర్ మీద పెన్సిలు రాత: "చిన్నగా కొట్టు, వెలుగుతుంది."
ముందుగదిలో కార్పెట్టు.
ఆవపువ్వు రంగు. కొత్తది.
సోఫా కాళ్ళ గుంటలు కూడా సరిగ్గా పడలేదు.
సొరుగులో రశీదు, నవంబరు తేదీతో.
ఆవిడ పోయింది జనవరిలో.

మా భాషలో ఖాళీ అంటే తీరిక కూడా.
ఆ గది మధ్య నిలబడితే అలాగే తోచింది.
ఇన్నేళ్ళూ ఎవరికో ఒకరికి వండి వార్చి
ఇవాళే కాస్త నడుం వాల్చిన ఇల్లు.

నిబంధన తొమ్మిది:
నేల మీద పరిచినవన్నీ పెకలించాలి.
పాతవైనా, కొత్తవైనా.
వచ్చేవాళ్ళకి కాంక్రీటు అప్పజెప్పాలి.
మా వడ్రంగి గారెత్ మూలన మోకాళ్ళ మీద కూర్చుని
కత్తి తీసి నా వైపు చూశాడు.
"ఆగు" అన్నాను.
ఎందుకన్నానో అప్పటికి నాకే తెలీదు.

పైకి ఈమెయిలు రాశాను.
పైవాళ్ళు ఇంకా పైకి పంపారు.

ఈలోగా గురువారం ప్రకటించిన ఇంటికి
సోమవారం అర్ధరాత్రికల్లా రెండొందల పన్నెండు మంది
వేలంపాటకి దిగారు.
మేం వేలం అనే అంటాం, అందులో డబ్బుండదు.
ఎవరి గోడు పెద్దదైతే వాళ్ళ పాట నెగ్గుతుంది.
ఇల్లు చిన్నదైతే, వాన ఎక్కువైతే, దగ్గు ఆగకపోతే
ఇన్నేసి మార్కులు.
నెగ్గింది షిలాన్.
ఇద్దరు పిల్లలతో ఒక్క హాస్టల్ గదిలో పదిహేడు నెలలు.
మిగతా రెండొందల పదకొండు మందికి
ఒకే ఉత్తరం, ఒకే నిమిషంలో.

ముగ్గురు మేనేజర్లు, రెండు రోజులు.
చివరికి జవాబు వచ్చింది:
ఉండనివ్వచ్చు, సంతకం తీసుకోండి.

ఈ కార్పెట్టు మాసినా, చిరిగినా,
కాలికి తగిలి ఎవరు పడినా
నగరానికి సంబంధం లేదు.
షిలాన్ ఆ కాగితం రెండుసార్లు చదివింది.
చదువుతుండగానే చిన్నవాడు
ఎవరూ చెప్పకుండానే బూట్లు విప్పేశాడు.
సంతకం చేసి ఆమె అడిగింది,
"ఈ రంగు ఎవరు ఎంచారు?"
నగరం ఎంచలేదని మాత్రం చెప్పగలిగాను.

మొత్తం ఇరవై మూడు రోజులు.
రెండు రోజుల ఆలస్యానికి కారణం అడిగింది కంప్యూటరు.
ఆస్‌బెస్టాస్. ఎలుకలు. గ్యాసు. వాతావరణం.
కాంట్రాక్టరు రాలేదు.
అన్నిటికీ అడుగున, ఇతరములు.
అది నొక్కితే ఓ గడి తెరుచుకుంది,
ఇరవై అక్షరాలు పట్టేంత.
కాసేపు చూసి
ఖాళీగానే వదిలేశాను.

కింద గారెత్ వ్యాను హారన్ కొడుతున్నాడు.
ముప్ఫై ఒకటో నంబరు.
వంటింటి కప్పులోంచి నీళ్ళు కారుతున్నాయట.