రాతిపువ్వు

బేగంబజార్లో ఘాసీరామ్ సేటు
తక్కెట్లో రాతిపువ్వు వేస్తుంటే
తుమ్మొచ్చింది నాకు.
పక్కనే మిరపకాయల బస్తాలు, తప్పదు.

తంపెరెలో మూడేళ్లు.
జీలకర్ర అనుకుని కొన్నది
ఇంకేదో గింజ, పోపులో పడ్డాక గానీ తెలియలేదు.
ఇరాకీ కొట్లో యాలకులు దొరికాయి,
ధనియాలు కూడా.
దీన్ని మాత్రం ఏ భాషలో అడగాలి?

ఒక ఆదివారం
సరస్సు ఒడ్డున బండమీద
అచ్చం ఇలాంటి బూడిదరంగు పొర.
చెంచాతో గీకి, కడిగి, ఆరబెట్టి
పెనం మీద వేయించాను.
వాన వాసన వచ్చింది, అంతే.
ఆ రాత్రి మరగ్
తెల్లగా, మర్యాదగా ఉడికింది.
భయమేసి సగం పారబోశాను.

"మీరుండే కాడ దొరకదా?" అన్నాడు సేటు.
లేదన్నాను.
"గీడ మాత్రం యాడ మొలుస్తదమ్మా!
కొండల మీదికెల్లి లారీల వస్తది.
మా తాత లెక్కనే,
దిగింది, ఉండిపోయింది."

పావుకిలో చాలన్నా
ఇంకో గుప్పెడు పోసి, పొట్లం చుట్టి
దారం పళ్లతో తెంపాడు.

ఆటోలో పొట్లం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.
అఫ్జల్‌గంజ్ సిగ్నల్ దగ్గర
డ్రైవరు వెనక్కి తిరిగి
"ఎవరింట్ల దావత్?" అన్నాడు.