దూడ పుస్తకం

బుడమేరు నీళ్లు తీసిన మూడు వారాలకి
సింగ్‌నగర్ నుంచి ఆటోలో నాలుగు గోతాలొచ్చాయి.
సాయం బియ్యమనుకుంది మా ఆవిడ.
విప్పితే పుస్తకాలు.
ఉబ్బిపోయి, బురద కంపు కొడుతూ,
ఒకదాన్నొకటి కరుచుకుని.

వాటితో ఒక చీటీ:
"నూట పన్నెండు. బైండింగ్ చెయ్యాలి.
పిచ్చిరాతలున్న కాగితాలు చించెయ్యండి."
కింద హెడ్‌మాస్టరు సంతకం.

వన్‌టౌన్‌లో, సామారంగం చౌక్ వెనక సందులో
ముప్ఫైయొక్క ఏళ్లుగా పుస్తకాలు కుడుతున్నాను.
చదవను.
చొక్కా కుట్టానని దర్జీ పెళ్లికెళ్తాడా?
నాకు తెలిసింది కొలతలు:
పొడవు, వెడల్పు, వెన్ను మందం.

డాబా మీద తాళ్లు కట్టి ఆరేశాను.
కొండ మీంచి దిగిన గాలి
నాకంటే ముందే అన్నీ ఒకసారి తిరగేసింది.
ఆరాక చూస్తే తమాషా.
బడి ముద్ర కరిగి వంకాయరంగు మరక.
దాతగారి పేరు కరిగింది.
తనిఖీకొచ్చినాయన సంతకం
నీలంగా ఏరై పేజీ దాటి పారింది.
పెన్సిలు రాతలో మాత్రం
ఒక్క అక్షరం చెదరలేదు.

ఒక పుస్తకానికి అట్ట లేదు.
మొదటి ఫారం మొత్తం లేదు. పదహారు పేజీలు.
దాని పేరేంటో, రాసిందెవరో
వరద రాకముందే ఎటో పోయినట్టున్నాయి.
చివరి తెల్లకాగితం మీద మాత్రం తిరణాల:

"దూడ చచ్చిపోదు. భయపడకుండా చదువు. ఎస్తేరు, ఏడు బి."
"ఎందుకు చెప్పేశావే దొంగమొహమా!! లోహిత."
"నలభై మూడో పేజీ బస్సులో చదవొద్దు.
ఎందుకేడుస్తున్నావమ్మా అని కండక్టర్ అడిగాడు."
"ఇందులో తాత అచ్చం మా తాతే."
దాని కింద, "మా తాత కూడా."
దాని కింద, "నాకు తాత లేడు. ఇతన్నే ఉంచుకుంటా."
ఎవడో "బోరు" అని రాస్తే
దాని చుట్టూ అయిదు రకాల చేతిరాతల్లో తిట్లు.
మూలన, వంకర అక్షరాలతో, పేరు లేకుండా:
"నాకు చదవటం సరిగా రాదు. ఇది మటుకు ఐపోయింది."
అన్నిటికంటే పైన, గీత కొట్టి:
"మొదలు లేదని వదిలెయ్యకండి. మొదలు నాకు తెలుసు.
ఇంటర్వెల్లో కుళాయి దగ్గరికి రండి, చెప్తా. జానీబాషా."

చించమన్నారు కదా.
కత్తెర చేతిలోనే ఉంది.
ఇన్నేళ్లలో ఎన్ని చించాను!
బస్సు టికెట్లు, ఎండిన పూలు,
ఎవరికో రాసి ఇవ్వలేకపోయిన ఉత్తరాలు,
ఒక్కటీ చూడలేదు.

ఆ పూట పొయ్యి మీద మైదా జిగురు మాడిపోయింది.
మైలుతుత్తం వెయ్యడం మర్చిపోయాను.
పదిహేడో పేజీలో కూర్చున్నవాణ్ణి
నలభై మూడు దగ్గరుండగా మా ఆవిడొచ్చి,
"నిన్నేమన్నా ఉల్లిపాయలు తరగమన్నానా?" అంది.
దూడ చచ్చిపోదు.
ముందే తెలుసు, ఎస్తేరు చెప్పింది.
అయినా.

ఎర్ర కాలికో వేశాను దానికి.
కుట్టు రెట్టింపు వేశాను.
ఆ తెల్లకాగితాన్ని అలాగే ఉంచి
వెనకాల ఇంకో ఎనిమిది కలిపాను.
కూలి లెక్కలో రాయలేదు.

వెన్ను మీద పేరు?
ఫోను చేస్తే హెడ్‌మాస్టరు,
"ఏదో ఒక నంబరేసెయ్యి మీరా" అన్నారు.
ఇత్తడి అక్షరాలు కాచి, బంగారు రేకు మీద
ఒక్కోటీ అదిమాను.
దూ. డ.
పుస్తకం.
'డ' కొంచెం పక్కకి ఒరిగింది.

గోతాలు నేనే దింపుతానన్నాను. ఆటో ఖర్చు నాదే.
బడి గేటు దగ్గరికి చేరేసరికి
ఇంటర్వెల్ గంట కొడుతున్నారు.
గోడ మీద నీటి చార ఇంకా నా తలకంటే ఎత్తులో ఉంది.
పరిగెత్తుతున్న ఒక పిల్లని ఆపి,
కుళాయి ఎటువైపమ్మా, అనడిగాను.